అతుకుల బొంత: కాగితం దాచిన చరిత్ర, గుడ్డ దాచిన చరిత్ర

గత భాగంలో బందరు రేవులో బట్ట ఓడెక్కేదాకా దాని వెంట నడిచాం. నేతగాణ్ణి, అద్దకపు పనివాణ్ణి, దుబాసీని, కంపెనీ గుమాస్తాను చూశాం. ఈ భాగంలో అదే బట్ట పాతబడి, చిరిగి, ముక్కలయ్యాక ఏమైందో చూద్దాం. ఇది చరిత్ర పాఠమా, కుట్టుపని పాఠమా అని మీకు సందేహం రావచ్చు. చరిత్ర పాఠమే. కాకపోతే దీని ఆధారాలు ప్రభుత్వ దస్తావేజుల్లో కన్నా మీ ఇంటి అటక మీదా, మంచం కిందా ఎక్కువగా దొరుకుతాయి.

బొంత అనే మాట

బొంత అంటే ఏమిటో మన ప్రాంతపు పాఠకులకు చెప్పనక్కరలేదు. అయినా నిర్వచనంతో మొదలుపెట్టడం పాఠానికి మర్యాద. పాత నూలు చీరలు, పంచెలు, తువ్వాళ్ళు మూడు నాలుగు పొరలుగా పరుస్తారు. పైనా కిందా కాస్త గట్టిగా ఉన్న చీరలు వేస్తారు. చిరుగున్నచోట ముక్క అతుకుతారు. దబ్బనంతోనో పెద్ద సూదితోనో ఈ చివర నుంచి ఆ చివరకు వరసలు వరసలుగా కుడతారు. అదే బొంత. చలికాలంలో కప్పుకోవడానికి, ఎండాకాలంలో ఆరుబయట నులక మంచం మీద పరుచుకోవడానికి, పురిటి బిడ్డను పడుకోబెట్టడానికి పనికొస్తుంది. పసిబిడ్డకు వేసే చిన్న బొంతకు ఎన్నో ఉతుకులు చూసిన చీరే కావాలంటారు. కొత్త గుడ్డ గరుకుగా ఉంటుంది, బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది.

సంస్కృతంలో దీన్ని కంథ అన్నారు. బెంగాల్లో కాంథా, కర్ణాటకలో కౌది, మహారాష్ట్రలో గోధడి, సింధు, రాజస్థాన్ ప్రాంతాల్లో రల్లి. వీటిలో కాంథాకు ప్రదర్శనశాలల్లో అద్దాల పెట్టెలు దొరికాయి. బొంతకు మన భాషలో ఒక సామెత, ఒక ఎగతాళి మాట దక్కాయి. ‘గంతకు తగ్గ బొంత’ అంటాం. ఏ సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడినా పత్రికలు ‘అతుకుల బొంత’ అని పేరు పెడతాయి. ఎక్కువ రోజులు నిలవదని ఆ మాటకు అర్థం. బొంత కుట్టిన చేతులు మాత్రం ఈ పోలికను ఒప్పుకోవు. ఒక్కో బొంత రెండు మూడు ఎన్నికలను సునాయాసంగా దాటిపోతుంది.

అతుకు గుడ్డకు మన డెల్టాలో ఇంకా పాత చరిత్ర ఉంది. భట్టిప్రోలు, ఘంటసాల, అమరావతి స్తూపాల చుట్టూ విహారాల్లో ఉన్న భిక్షువులు కట్టింది అతుకుల చీవరమే. బట్టను ముక్కలుగా కోసి మళ్ళీ కుట్టాలని వినయ నియమం. మగధలోని వరిమళ్ళను, వాటి గట్లను చూపించి, ఆ తీరున చీవరం కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయపిటకంలో ఉంది. బెజవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో నాట్లకు ముందు నీళ్ళు నిలిపిన మళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

కాగితం చుట్టూ గుడ్డ

ఇప్పుడు సముద్రం దాటుదాం. ఇంగ్లండులో అతుకు పనికి ఇంకో పద్ధతి వాడుకలోకి వచ్చింది. పేపర్ పీసింగ్ అంటారు. ముందు గట్టి కాగితాన్ని షడ్భుజాకారంలోనో, వజ్రాకారంలోనో కత్తిరిస్తారు. గుడ్డ ముక్కను దానికంటే పావు అంగుళం పెద్దదిగా కోసి, కాగితం అంచు మీదుగా మడిచి, పచ్చికుట్టు వేస్తారు. ఇలా తయారైన రెండు బిళ్ళలను ముఖాముఖి పెట్టి, అంచులను సన్నటి కుట్టుతో కలుపుతారు. ఒక బిళ్ళకు అన్ని వైపులా పొరుగు బిళ్ళలు అతికాక లోపలి కాగితాన్ని తీసేస్తారు. గుడ్డకు సాగే గుణం ఉంది, కాగితానికి లేదు. కాబట్టి వందల ముక్కలు కలిపినా కోణం తప్పదు. ఈ పద్ధతికి ప్రాణం కాగితమే.

ఇందులో ఇంకో రకం కూడా ఉంది. కాగితం మీద గీతలు గీసి, వెనుక గుడ్డ పెట్టి, గీతల మీదుగా మిషను కుట్టు వేసి, చివర్లో కాగితాన్ని చింపేస్తారు. కుట్టు దగ్గరగా పడితేనే కాగితం సులువుగా చిరుగుతుంది. గీత ఒక పక్క, గుడ్డ ఇంకో పక్క ఉండడంతో బొమ్మ కుడి ఎడమలై వస్తుంది. ఇది మన కథకు అంత ముఖ్యం కాదు.

మనకు ముఖ్యమైనవి రెండు దుప్పట్లు. మొదటిది వాయవ్య ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అనే భవంతిలో ఉంది. సుమారు 1708 నాటిదని చెబుతారు. ఆ దేశంలో మిగిలిన అతుకు దుప్పట్లలో అతి పురాతనమైన వాటిలో ఒకటిగా దానికి పేరు. అందులోని ముక్కలు భారతదేశపు రంగుల అద్దకం బట్టవి, ఇంగ్లీషువాళ్ళు చింట్జ్ అని పిలిచినవి. రెండోది పట్టు ముక్కలతో చేసింది. 1718 అనే సంవత్సరం దాని మీదే ఉంది. అక్కడి క్విల్ట్ కళాకారుల సంఘం దాన్ని కొని భద్రపరిచింది. దాని లోపల కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంగ్లండు ఇల్లాలి చేతికి మన అద్దకం ముక్క ఎలా వెళ్ళింది? డచ్చివారు 1605–06 ప్రాంతంలో బందరులో స్థిరపడ్డారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీవారు దిగారు. అప్పటికే గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో బందరు నుంచి ఇరానుకు, ఆగ్నేయాసియాకు బట్ట పోతోంది. తర్వాత యూరపు వంతు వచ్చింది. పలంగ్ పోష్ అనే మంచం దుప్పటి ఇంగ్లీషులో ‘పలంపోర్’ అయింది. కరక్కాయ, గేదెపాలలో నానిన గుడ్డ, పటిక, చిరివేరు ఇచ్చే ఎరుపు, ఇనపముక్కలు బెల్లంలో ఊరబెట్టి తీసిన నలుపు – ఈ దినుసులు మీకు గత భాగంలో పరిచయమైనవే. ఉతికినా వెలవని రంగును యూరపు అంతకుముందు నూలుగుడ్డ మీద చూడలేదు. జనం ఎగబడ్డారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది, 1759 దాకా సడలించలేదు. ఇంగ్లండు 1700లో రంగుల అద్దకం బట్ట దిగుమతిని ఆపే చట్టం చేసింది. 1721లో దాన్ని కట్టుకోవడాన్ని, ఇంట్లో వాడడాన్ని కూడా నేరం చేసింది. 1774లో గాని ఆ అడ్డు తొలగలేదు.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. లెవెన్స్ హాల్ దుప్పటి మొదటి చట్టం అమల్లో ఉన్న కాలంనాటిది. కొత్త బట్ట దొరకడం కష్టమైనప్పుడు ఉన్న బట్టలో అంగుళం కూడా పారేయరు. గౌను చిరిగితే ముక్కలు, పరుపు గలీబు చిరిగితే ముక్కలు. అతుకు పని అక్కడ అంత నాజూకుగా పెరగడానికి ఈ కొరత ఒక కారణమని వాదించవచ్చు. అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను, తీరికా, ఫ్యాషనూ కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. లెవెన్స్ హాల్ ముక్కలు భారతీయమైనవని తెలిస్తే చాలు మనవాళ్ళకు ఉత్సాహం ఆగదు, ‘మన బందరువే!’ అనేస్తారు. కోరమండల్ తీరమంతా, పశ్చిమాన గుజరాతులోనూ అద్దకం జరిగింది. సొంత ఊరి మీద అభిమానం ఆధారం కాదు. నేను ముప్పై ఏళ్ళు తరగతి గదిలో ఎక్కువసార్లు చెప్పిన మాట బహుశా ఇదే.

కాగితం మాత్రం రెండు తీరాల్లోనూ ఉంది. మన తీరాన చేతితో బొమ్మ వేసే పనివారు ముందు కాగితం మీద బొమ్మ గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దేవారు. చిల్లుల్లోంచి రాలిన పొడి గుడ్డ మీద గీత అయ్యేది. కొన్ని నమూనాలు లండను, ఆమ్‌స్టర్‌డామ్ నుంచే వచ్చేవి. ఒకచోట కాగితం బొమ్మకు దారి చూపింది, ఇంకోచోట అదే బొమ్మ ముక్కలయ్యాక వాటికి ఆకారం ఇచ్చింది. రెండుచోట్లా పని అయ్యాక అది అవతలకు పోవలసిందే.

నా చేతి అనుభవం

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాను. వాళ్ళ పేట గ్రంథాలయంలో వారానికి ఒకరోజు ఆడవాళ్ళు కూర్చుని క్విల్టులు కుట్టేవారు. పుస్తకాల కోసం వెళ్ళినదాన్ని, సూది పట్టుకుని కూర్చున్నాను. నా సంచిలో పెడన నుంచి తెచ్చిన కలంకారీ జాకెట్టు గుడ్డల కత్తిరింపులు ఉన్నాయి.

అంగుళం భుజం ఉన్న షడ్భుజాలు. 1835 జనవరిలోనే ‘గోడేస్ లేడీస్ బుక్’ అనే అమెరికా పత్రిక ఈ నమూనాను అచ్చు వేసింది. చూడడానికి తేనెపట్టులా ముచ్చటగా ఉంటుంది. లెక్క వేస్తేగాని కష్టం తెలియదు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు దుప్పటికి ఇవి 2,000 పైచిలుకు కావాలి, కలపవలసిన అంచులు 6,000 దాటుతాయి. మూడు నెలల్లో నేను పూర్తి చేసింది మనవరాలి ఉయ్యాలకు సరిపోయేంత.

కష్టాలు ముందు చెబుతాను. మా పెడన గుడ్డ మందం, మడత దగ్గర ఉబ్బుగా వచ్చేది. పచ్చికుట్టు కాగితంలోంచి పోతే తీసేటప్పుడు చిరుగు, అంచు వదులైతే కోణం మొద్దుబారుతుంది. లతలో సగం ఒక బిళ్ళలో, సగం ఇంకోదానిలో పడి పువ్వు తెగిపోతుంది. పువ్వు మధ్యకు వచ్చేలా కోయాలంటే గుడ్డ సగం వృథా. మా అమ్మమ్మ చూస్తే చీపురు తిరగేసేది. బొంతలో గుడ్డ వృథా కావడమన్న ఊహే లేదు. ముక్క ఏ ఆకారంలో ఉంటే బొంత ఆ ఆకారానికి సర్దుకుంటుంది. కాగితపు పద్ధతిలో ముక్కే సర్దుకోవాలి.

సంతోషమూ అక్కడే ఉంది. ఏడో బిళ్ళ ఏడో చోట కుదురుగా కూర్చున్నప్పుడు కలిగే తృప్తి నాకు పరిశోధన పత్రాలు ఎప్పుడూ ఇవ్వలేదు. పని చేతిలో ఇమిడిపోతుంది. మనవరాలు నిద్రపోయినంతసేపూ నాలుగు బిళ్ళలు, లేవగానే డబ్బాలో పడేయడం. ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దావిడ నా కాగితాలు చూసి నవ్వింది. మా అల్లుడి కరెంటు బిల్లు కవర్లు కోసి వాడుతున్నాను. అంకెలు, తేదీలు కనిపిస్తున్నాయి. వాటిలో కొన్నిటిని తీయకుండా ఉంచేయమని ఆమె సలహా ఇచ్చింది.

ఆ సలహాలో ఎంత చరిత్ర ఉందో చెబుతాను. ఇంగ్లండులో సగంలో ఆగిపోయిన పాత అతుకు పనుల వెనుక ఉత్తరాలు, పద్దు పుస్తకాల పుటలు, వార్తాపత్రికలు, పిల్లల కాపీరాతలు దొరికాయి. కాగితం ఖరీదైన కాలం, రాసి అక్కర తీరినదే కుట్టుకు పనికొచ్చేది. చరిత్రకారులకు అది గని. 1790 తేదీ ఉన్న ఉత్తరం లోపల ఉంటే ఆ దుప్పటి 1790 కంటే ముందుది కాజాలదు. ఎంత తర్వాతిదైనా కావచ్చు, పాత ఉత్తరాన్ని ముప్పై ఏళ్ళు దాచి వాడి ఉండవచ్చు. కాగితం కింది హద్దును చెబుతుంది, పై హద్దును చెప్పదు. పరీక్షలో ఈ తేడా అడిగితే తడబడకండి.

గుడ్డనే దస్తావేజు

మన బొంతలో కాగితం లేదు. అలాగని ఆధారం లేదనకండి. అదే సూత్రాన్ని గుడ్డకు వర్తింపజేయండి. బొంతలో అన్నిటికంటే కొత్త ముక్క దాని కింది హద్దు. నైలాను ముక్క కనిపిస్తే ఆ బొంత, కనీసం ఆ అతుకు, నైలాను మన ఊళ్ళకు వచ్చాకనే వేసింది. మంగళగిరి చీర అంచు, బందరు అద్దకం దుప్పటి ముక్క, మిల్లు లంకలాటు, స్కూలు యూనిఫారం నీలం – ఒక ఇంటి మూడు తరాల కొనుగోళ్ళ పద్దు అక్కడ పరిచి ఉంటుంది. కాకపోతే ఆ పద్దు చదవడం కుట్టిన మనిషికే వచ్చు. ఆ మనిషితో పాటే పోతుంది కూడా.

మా అమ్మమ్మది అవనిగడ్డ దగ్గర ఊరు. ఆమె బొంతకు ఎరుపు అంచు, మధ్యలో రకరకాల ముక్కలు. సెలవులకు వెళ్ళినప్పుడు రాత్రిపూట దాని మీద పడుకుని ఒక్కో ముక్క మీద వేలు పెట్టి అడిగేదాన్ని. “ఇది మీ తాతయ్య పంచె. ఇది మీ అమ్మ ఓణీ, మొదటిసారి కట్టినప్పుడు నడవలేక గుమ్మంలో పడింది. ఇదా, ఇది పోయిన మీ పెద్దమామయ్య చొక్కా, దాన్ని తొక్కమాకమ్మాయ్” అనేది. ఆ ముక్క ఉన్న పక్కకు కాళ్ళు పెట్టి పడుకోకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకో ఎవరూ పైకి అనేవారు కాదు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మనుషులు వేలల్లో పోయిన ఆ రాత్రి గురించి మీరు వేరే పాఠంలో చదువుతారు. అప్పుడు నేను బెజవాడలో కాలేజీలో ఉన్నాను. దారులు తెరుచుకున్నాక అమ్మతో కలిసి వెళ్ళేసరికి అమ్మమ్మ బతికి ఉంది. బొంత కంచె మీద ఆరేసి ఉంది. ఉప్పునీళ్ళు, ఒండ్రు పీల్చి కర్రలా బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదల్లేదు. సాయంగా పంచిన కొత్త దుప్పట్లు ఇంట్లో ఉన్నా ఆమె దాన్నే కప్పుకునేది.

ఆ తర్వాత నేను ఎమ్మే చేశాను, పరిశోధనకు చేరాను. అంశం పదిహేడో శతాబ్దపు బందరు వస్త్ర వ్యాపారం. కంపెనీ లెక్కల్లోంచి బేళ్ళు ఎన్ని, గజాలు ఎన్ని, ధర ఎంత అని ఏళ్ళ తరబడి ఎక్కించుకున్నాను. అమ్మమ్మ ఇంకా ఉంది. బొంత ఉంది. సెలవుల్లో వెళ్ళి ఆ బొంత మీద కూర్చునే నా చీటీలు వరసగా పెట్టుకునేదాన్ని. ఒక్క చీటీ మీదైనా ఆమె చెప్పినది రాసుకోలేదు. అది పరిశోధనకు సంబంధించినదని నాకు తోచలేదు, మా మార్గదర్శకులకూ తోచేది కాదు. ఆమె పోయాక బొంత బియ్యపు బస్తాల కింద పరుపై, తర్వాత ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. ఎరుపు అంచు ఏ చీరదో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే మరియా మీస్ 1982లో నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద ప్రచురించిన పుస్తకం చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మిషనరీల ద్వారా వచ్చిన ఆ లేసు ఎగుమతి సరుకు. వ్యాపారి పుస్తకాల్లో దాని లెక్క ఉంది. అయినా అల్లేవాళ్ళను గృహిణులనే చూశారు గాని పనివాళ్ళని చూడలేదని ఆమె చూపించింది. అమ్ముడుపోయే లేసు గతే అదైతే, అమ్మకానికే పోని బొంత సంగతి ఊహించుకోండి. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టిన దుప్పట్లు 2002 నుంచి పెద్ద మ్యూజియాల గోడలెక్కాయి. వాటిని చూస్తే ఏ పేపర్ పీసింగ్ కన్నా మన బొంతే గుర్తొస్తుంది. కాగితం లేదు, కొలబద్ద లేదు, ఉన్న గుడ్డే కొలత.

బొంత ఎందుకు తగ్గింది

పేదరికం తగ్గిందని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అది సగం నిజం. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే గంపలవాళ్ళు వీధుల్లోకి వచ్చాక చీరకు ఇంకో విలువ ఏర్పడింది. నాలుగు చీరలు ఇస్తే ఒక గిన్నె. గిన్నె మీద పేరు చెక్కించుకోవచ్చు, బొంత మీద ఎవరు చెక్కించుకుంటారు? ఈలోగా నూలు చీర పోయి వాయిలు, నైలాను, పాలియెస్టరు వచ్చాయి. అవి చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి, పొరలు ఒకదానికొకటి పట్టవు. షోలాపూరు దుప్పటి చవకైంది, ఫోము పరుపు వచ్చింది. బొంత కుట్టడానికి మధ్యాహ్నాలు అరుగు మీద చేరే నలుగురు ఆడవాళ్ళు తలో ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. అరుగులూ పోయాయనుకోండి.

అలాగని పూర్తిగా పోలేదు. ‘బొంతలు కుడతామమ్మా’ అని కేక వేసుకుంటూ తిరిగే స్త్రీలు మా వీధికి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తారు. గుడ్డ మనదే, దారం వాళ్ళది, కూలి మాట్లాడుకోవాలి. క్రిందటి చలికాలంలో ఒకావిడ మా వరండాలో కూర్చుని ఒక్కరోజులో బొంత కుట్టింది. నా షడ్భుజాల ముక్క తెచ్చి చూపించాను. తిప్పి చూసింది, కుట్టు మీద గోరు ఆనించి లాగింది. “బాగుందమ్మగారూ, కానీ పిల్ల పెద్దదైతే ఏం చేస్తారు?” అంది. బొంతయితే నాలుగు వైపులా ఇంకో చీర కలిపి పెంచుకోవచ్చు. నాకు జవాబు లేదు.

అభ్యాసం

ఈ భాగానికి అభ్యాసం రాతపని కాదు. మీ ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో ఒక బొంతను వెతకండి. దాన్ని పగటి వెలుతురులో పరిచి, కుట్టినవారిని గాని, అది కుడుతుండగా చూసినవారిని గాని పక్కన కూర్చోబెట్టుకోండి. పెద్ద కాగితం మీద బొంత ఆకారం గీసి, ముక్కలకు అంకెలు వేయండి. ప్రతి అంకెకు ఎదురుగా ఆ గుడ్డ ఎవరిదో, ఎక్కడ కొన్నదో, ఏ సందర్భంలో కట్టినదో వాళ్ళ మాటల్లోనే రాయండి, మీ గ్రాంథికంలోకి మార్చకండి. ఏ ముక్క గురించైనా వాళ్ళు చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ అంకె ఎదుట ఖాళీ వదిలేయండి. తెలియదన్న ముక్కకు, చెప్పనన్న ముక్కకు తేడా మీ కాగితం మీద కనిపించాలి. పొరల మధ్య ఏముందో చూడాలని కుట్టు విప్పవద్దు. అంచు దగ్గర ఎక్కడో ఒకచోట చిరిగే ఉంటుంది, అక్కడ నుంచి చూస్తే చాలు.

ఆ కాగితం తేదీ వేసి రెండు ప్రతులు చేయండి. ఒకటి మాకు పంపండి. రెండోదాన్ని బొంతతోనే ఉంచండి. దానికి ఒక గుడ్డ జేబు కుట్టి బొంత మూలన అతికితే ఇంకా మంచిది. ముక్క ఏ ఆకారంలో ఉన్నా ఫర్వాలేదు.